సన్నకాళ్ల పాతకాలపు టేకు బల్లకు నకలు ఎలా చేయాలి? బెంగళూరులో చేసుకునేవాళ్ల కోసం

"తాతగారింట్లో ఉన్నలాంటి సొరుగు బల్ల చేయించాం. టేకే, కొలతలూ అవే. అయినా చూడగానే కొత్తదని తెలిసిపోతోంది, ఎందుకు?" బెంగళూరులో ఉండే మనవాళ్లు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. లోపం సాధారణంగా నాలుగు చోట్ల ఉంటుంది. కాళ్లు సన్నబడే తీరు తప్పుతుంది, సొరుగు అతుకులు యంత్రంతో కోసినట్టు ఉంటాయి, పాలిష్ ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, "పాతగా కనిపించాలి" అని గొలుసుతో కొట్టిన సొట్టలు తప్పుడు చోట పడతాయి. ఈ నాలుగూ సరిచూసుకుంటే మామూలు చేతిపనిముట్లతోనే మంచి నకలు వస్తుంది. తీరిక చూసుకుని శని, ఆదివారాల్లో చేసుకుంటే రెండు నెలల పని.

ఏ బల్ల, ఏ కాలంది

ఇక్కడ తీసుకున్నది 18వ శతాబ్దం చివరి తీరు: నాలుగు పలకల సన్నకాళ్లు, ఒక్క సొరుగు, నగిషీ లేదు. ఇంగ్లండులో హెపెల్‌వైట్ అనే వడ్రంగి పేరుతో 1788లో వచ్చిన నమూనాల పుస్తకంతో ఈ తీరు బాగా పాకింది. అంతకు ముందు 1754లో చిప్పెండేల్ అనే ఇంకో వడ్రంగి వేసిన పుస్తకంలోని వంపుకాళ్లు, చెక్కుడు పని మొదటిసారి చేసేవాళ్లకు కష్టం, వాటి జోలికి పోకండి. పుస్తకంలో బొమ్మ చూసి ఇక్కడి వడ్రంగి ఇక్కడి చెక్కతో చేయడం మనకు కొత్త కాదు. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం దంతపు పొదుగుడు పనికి పేరుమోసింది, విదేశీ తీరు పెట్టెలు, కుర్చీలు అక్కడ దంతంతో తయారయ్యేవి. ఇప్పుడు దంతం కొనడం, అమ్మడం నేరం కాబట్టి ఆ పని నకలు చేయాలనుకునేవాళ్లు ఎముక వాడాలి, లేదా పొదుగుడే మానుకోవాలి.

కొలతలు

బల్ల ఎత్తు 26 అంగుళాలు. పైపలక 20 × 16, మందం ¾. కాళ్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు 18 × 14, అంటే పైపలక నాలుగు వైపులా అంగుళం బయటికి ఉంటుంది.

- కాళ్లు 4: 1½ × 1½, పొడవు 25¼
- పక్క పట్టీలు 2: 12½ × 5 × ¾ (రెండు చివర్లా ¾ చొప్పున కూసాలు, అంటే కాలి బెజ్జంలోకి దూరే నాలికలు, కలిపి)
- వెనక పట్టీ 1: 16½ × 5 × ¾
- ముందు అడ్డపట్టీలు 2: 16½ × 1½ × ¾, పడుకోబెట్టి బిగిస్తాం, కాబట్టి ముందు నుంచి ¾ మాత్రమే కనిపిస్తుంది
- సొరుగు ముఖం: 15 × 3½ × ¾
- సొరుగు పక్కలు 2: 12½ × 3½ × ½, వెనక: 15 × 3 × ½
- సొరుగు అడుగు: 14½ × 12 × ⅜
- సొరుగు జారే పట్టీలు, పక్కన తోడు పట్టీలు: మిగిలిన ముక్కల్లోంచి

అన్నీ కలిపితే అర ఘనపుటడుగు. కోత, చిత్రిక, పనికిరాని ముక్కలు లెక్కేసుకుని 0.8 నుంచి 1 ఘనపుటడుగు కొనండి. దుకాణంలో "సూత్" అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆరు సూత్‌ల పలక అడిగితే ¾ వస్తుంది, కానీ అది చిత్రిక పట్టకముందు మందమా, పట్టిన తర్వాతా అన్నది అక్కడే తేల్చుకోండి.

చెక్క: పనిలో సగం ఇక్కడే

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపులు, ద్వారబంధాలు, దూలాల చెక్క ఈ పనికి మేలు. తోటల్లో తొందరగా పెరిగిన కొత్త టేకులో ఏటి వలయాలు వెడల్పుగా, రంగు పసుపుగా, చెట్టు అంచు తెల్లచెక్క ఎక్కువగా ఉంటాయి. పాత టేకులో వలయాలు దగ్గరగా ఉంటాయి, రంగు ముదిరి ఉంటుంది. శివాజీనగర్ వైపు బాంబూ బజార్‌లో పాత తలుపులు, చెక్క దొరుకుతాయి. కొత్త చెక్కకైతే మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్. కన్నడంలో టేకును "తేగ" అంటారు, జిట్రేగిని "బీటె" అంటారు. బేరానికి ఈ రెండు మాటలు చాలు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

తాజాగా చిత్రిక పట్టిన చోట వాసన చూడండి. టేకుకు తోలు, నూనె కలిసిన ఘాటు వాసన ఉంటుంది, వేలికి జిడ్డుగా తగులుతుంది. అనుమానం తీరకపోతే మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చెక్క ఏ జాతిదో గుర్తిస్తారు.

చెక్కంతా అయస్కాంతం తిప్పండి. పాత ద్వారబంధంలో తలవిరిగిన మేకు ఒక్కటి మిగిలినా చిత్రిక అంచు పోతుంది. మేకు చుట్టూ టేకు నల్లబడి ఉంటుంది, ఆ నలుపు లోపలికంటా పాకుతుంది. పైపలకకు ఆ చోటు రాకుండా చూసుకోండి. సొరుగు అడుక్కి వస్తే ఇబ్బంది లేదు, పైగా పాతదనానికి అందం.

తేమ మీటరు ఉంటే 10 నుంచి 12 శాతం మధ్య చూపాలి. ఏదైనా సరే, ఇంటికి తెచ్చాక పలకల మధ్య సన్న కర్రలు పెట్టి, గాలి ఆడేలా రెండు మూడు వారాలు ఉంచండి. చెన్నై నుంచో కోస్తా నుంచో తెచ్చిన చెక్క బెంగళూరు పొడిగాలికి ఇంకా కుంచించుకుంటుంది. దాన్ని తెచ్చిన వారమే అతికిస్తే ఫిబ్రవరి, మార్చిలో పైపలక అతుకు విచ్చుకుంటుంది.

జిట్రేగితో చేద్దామా అంటే, మొదటిసారికి వద్దు. ఖరీదు ఎక్కువ. దాంతో పాటు జిట్రేగి 2017 జనవరి నుంచి అంతర్జాతీయ రక్షిత జాతుల పట్టికలో ఉంది, విదేశానికి తీసుకెళ్లాలంటే కాగితాల తతంగం ఉంటుంది. పనస చెక్క మంచి ప్రత్యామ్నాయం. కోసినప్పుడు పచ్చగా ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది, ఉలికి మెత్తగా వస్తుంది.

పనిముట్లు, సామాను

పళ్లు సన్నగా ఉన్న చేతిరంపం, అతుకుల రంపం, రెండు చిత్రికలు (ఒకటి పొడవుది, ఒకటి చిన్నది), ¼, ½, ¾ ఉలులు, కొయ్యసుత్తి, మూలమట్టం, మార్కింగ్ గేజ్ (అంచుకు సమదూరంలో గీత గీసేది), నాలుగు క్లాంపులు, సాన. ఇవన్నీ ఎస్‌జేపీ రోడ్డులో ఒకే పూటలో దొరుకుతాయి. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అందుకే ఉలి పదును తొందరగా చస్తుంది. గంటకోసారి సాన పట్టాల్సి వస్తే ఉలిది తప్పు కాదు.

పాలిష్‌కు: లక్క రేకులు (దుకాణంలో "చపడా" అని అడగండి, కన్నడంలో "అరగు") 100 గ్రాములు, పాలిష్ స్పిరిట్ ఒక లీటరు, ఉడికించిన అవిసె నూనె కొద్దిగా, తేనెమైనం 100 గ్రాములు, టర్పెంటైన్ 300 మిల్లీలీటర్లు, ముదురు గోధుమరంగు పొడి, సున్నా నాలుగు (0000) ఉక్కుపీచు, పాత నూలు బనీను గుడ్డ, దూది.

టేకు దుమ్ము కొందరికి దద్దుర్లు తెస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే చేతిపనిముట్లు ఇంకో రకంగా కూడా మేలే, రంపం చప్పుడుకు పక్క ఫ్లాటు వాళ్లు అసోసియేషన్ గ్రూపులో రాయరు.

చేసే క్రమం

1. ముఖం సరిచేయడం. ప్రతి ముక్కకూ ఒక ముఖం, ఒక అంచు చదును చేసి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇకపై కొలతలన్నీ ఆ గుర్తు వైపు నుంచే. పైకి కనిపించే వైపు నున్నగా ఉండాలి. కనిపించని వైపు అంటే పట్టీల లోపలి ముఖం, పైపలక అడుగు, అక్కడ చిత్రిక గీతలు వదిలేయండి. పాత బల్ల అడుగున చెయ్యి పెట్టి అడ్డంగా తడిమితే, నీళ్ల మీద చిన్న అలల్లా మెత్తని గాడులు వేళ్లకు తగులుతాయి. కొద్దిగా వంపు తిప్పిన అంచు ఉన్న చిత్రిక పట్టినప్పుడు అవి వస్తాయి. వలయాకారపు రంపం గీతలు విల్లులా వంగి ఉంటాయి, అవి కనిపించాయా బల్ల యంత్రం చూసిందని చెప్పేసినట్టే. వాటిని తప్పక తీసేయండి.

2. కాళ్లకు బెజ్జాలు. కాళ్లు ఇంకా చతురస్రంగా ఉన్నప్పుడే బెజ్జాలు తొలవాలి. ముందే కాళ్లు సన్నం చేస్తే పట్టుకోవడానికి చదునైన ముఖం ఉండదు. నాలుగు కాళ్లూ పక్కపక్కన పేర్చి, ఏ కాలు ఏ మూలదో పైన రాయండి. ఈ చిన్న పని మానేసినందుకు తప్పుడు ముఖాన బెజ్జం పడ్డ కాళ్లు ప్రతి పనిలోనూ ఒకటైనా ఉంటాయి. బెజ్జం వెడల్పు ¼, లోతు ¾ కంటే పిసరంత ఎక్కువ. పట్టీ బయటి ముఖం కాలి ముఖం కంటే ఒక సూత్ లోపలికి ఉండేలా గేజ్ పెట్టండి. పాత బల్లల్లో ఆ చిన్న నీడ గీత ఉంటుంది, పైగా చెక్క కుంచించుకున్నా మెట్టు పడినట్టు కనబడదు. కూసం అంగుళం పొడవు పెడితే కాలి లోపల రెండు కూసాలూ ఢీకొంటాయి, అందుకే ¾. బెజ్జం పైన అరంగుళం చెక్క వదలండి, లేకపోతే కాలి తల చీలుతుంది.

3. పట్టీలకు కూసాలు. కూసాన్ని బెజ్జానికి సరిపెట్టాలి కానీ బెజ్జాన్ని కూసానికి కాదు. చేత్తో నొక్కితే సగం దాకా పోయి, మిగతాది కొయ్యసుత్తితో రెండు దెబ్బలకు దిగాలి. చేత్తోనే పూర్తిగా దిగిపోతే వదులు. సుత్తితో గట్టిగా బాదాల్సి వస్తే కాలు పగులుతుంది. వదులైతే పొట్టు, జిగురు కలిపి నింపకండి. కూసం పక్కన పలుచని టేకు చీలిక అతికించి మళ్లీ సరిచేయండి.

   ముందు వైపు కింది అడ్డపట్టీకి జంట కూసాలు పెట్టండి. పై అడ్డపట్టీని కాలి తలలోకి డవ్‌టెయిల్‌తో, అంటే పావురం తోకలా విచ్చుకున్న అతుకుతో దింపండి. కాళ్లు ముందుకు విడిపోకుండా పట్టి ఉంచేది అదే. మేకు కొట్టి సరిపెడితే పదేళ్లలో సొరుగు సందు వెడల్పవుతుంది.

4. కాళ్లు సన్నం చేయడం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నాలుగు ముఖాలూ సన్నం చేస్తే బల్ల మోకాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడినట్టు కనిపిస్తుంది. లోపలి రెండు ముఖాలే సన్నం చేయాలి, బయటి రెండూ నిటారుగా ఉండాలి. కాలి తల నుంచి 5¼ అంగుళాల దగ్గర గీత గీసి, అక్కడ 1½ నుంచి పాదం దగ్గర ⅞కు తగ్గించండి. పట్టీ వెడల్పు 5 అంగుళాలే కాబట్టి అతుకు భాగం చదునుగానే మిగులుతుంది. రంపంతో గీతకు కొంచెం బయట కోసి, చిత్రికతో గీత దాకా రండి. చివర్లో గీత తగిలేటప్పుడు పోగు (చెక్కలో నార నడిచే దిశ) ఎదురు తిరిగితే చిత్రికను పాదం వైపు నుంచి నడపండి.

   సరిచూసుకోవడం: నాలుగు కాళ్లనూ లోపలి ముఖాలు పైకి పెట్టి వరసగా పడుకోబెట్టండి. పక్క నుంచి కన్ను ఆనించి చూస్తే నాలుగు వాలులూ ఒకే గీతలా కనబడాలి. ఒకటి పొట్టగా ఉంటే ఆ ఒక్కదాన్నే సరిచేయండి, మిగతా మూడింటినీ దానికి సరిపెట్టకండి.

5. జిగురు. పాతకాలానిది వజ్రం బంక, సరేసు అని కూడా అంటారు. తోళ్లు, ఎముకలు ఉడికించి తీసింది. ఒక వంతు బంకను రెండు వంతుల చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 60 నుంచి 65 డిగ్రీల దగ్గర కరిగించండి. మరిగిస్తే పట్టు పోతుంది. చల్లబడే లోపల, అంటే నిమిషం రెండు నిమిషాల్లో అతుకు బిగించేయాలి, అందుకని గది తలుపులు మూసి, ఫ్యాను ఆపండి. దీని సుగుణం ఏమిటంటే యాభై ఏళ్ల తర్వాత బాగుచేసేవాడు వేడినీళ్లతో విప్పగలడు. అంత హడావుడి వద్దనుకుంటే మామూలు తెల్ల ఫెవికాల్ వాడండి, బయటికి ఏ తేడా తెలియదు. ఎపాక్సీ మాత్రం వద్దు, తర్వాత విప్పడం ఎవరి తరం కాదు.

   టేకు నూనె జిగురుకు శత్రువు. అతికించే ముందు కూసాన్నీ బెజ్జాన్నీ స్పిరిట్ గుడ్డతో తుడిచి, గంటలోపు అతికించండి. ముందు రోజు తుడిచి మర్నాడు అతికిస్తే నూనె మళ్లీ పైకి వచ్చేస్తుంది.

   మొదటి రోజు పక్క చట్రాలు రెండూ (రెండు కాళ్లు, ఒక పక్క పట్టీ) అతికించండి. మర్నాడు వెనక పట్టీ, ముందు అడ్డపట్టీలు కలపండి. క్లాంపులు బిగించాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. తేడా అర సూత్ దాటితే పొడుగున్న మూలల వైపు క్లాంపును కొద్దిగా వంచి బిగించండి. ఆరాక సరిచేసే దారి లేదు.

6. వెదురు మేకులు. ప్రతి కూసానికీ ఒక వెదురు మేకు, మందం ఒకటిన్నర సూత్. కాలిలో బెజ్జాన్ని అడ్డంగా తొలచి, కూసంలో రంధ్రం మాత్రం భుజం (కూసం మొదలయ్యే మెట్టు) వైపు అంగుళంలో ముప్పై రెండో వంతు జరిపి పెడితే, మేకు దిగేటప్పుడు అతుకును లోపలికి లాగుతుంది. ఈ రంధ్రాలు జిగురు పెట్టక ముందే తొలిచి ఉంచుకోవాలి. మేకును గుండ్రంగా కాక, నాలుగు మూలలు కొంచెం మిగిలేలా చెక్కండి. పైన మరీ నున్నగా రాయకండి. పాత బల్లల్లో కాలు కుంచించుకుని మేకు తల వెంట్రుకవాసి బయటికి తేలి ఉంటుంది, మీ బల్ల కూడా రెండు మూడేళ్లలో అలాగే తేలుస్తుంది.

7. సొరుగు. నకలును పట్టించేది మొదట ఇదే. యంత్రంతో కోసిన డవ్‌టెయిళ్లలో తోక, తోకకు మధ్య పిన్ను ఒకే వెడల్పుగా, దువ్వెన పళ్లలా ఉంటాయి. చేత్తో కోసిన పాతవాటిలో పిన్నులు బాగా సన్నం, తోకలు వెడల్పు, ఎడం అటూ ఇటూ. మన 3½ అంగుళాల పక్కకు రెండు తోకలు, మధ్యలో ఒక సన్నని పిన్ను, చివర్లలో సగం పిన్నులు చాలు. వాలు ఏడుకు ఒకటి. ముఖంలో అతుకు బయటికి కనబడకుండా పావంగుళం చెక్క వదలండి. గేజ్‌తో గీసిన గీతను తుడిచేయకండి, పాత పనివాళ్లూ తుడవలేదు.

   పక్క పట్టీ లోపలి ముఖానికీ, కాలి లోపలి అంచుకూ మధ్య ఐదు సూత్‌ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో తోడు పట్టీ అతికించాలి, లేకపోతే సొరుగు పక్కకు తిరిగి ఇరుక్కుంటుంది. కింద జారే పట్టీ, పైన సొరుగు బయటికి లాగినప్పుడు ముందుకు వాలకుండా ఇంకో పట్టీ.

   అడుగు పలకను ఎడమ నుంచి కుడికి పోగు ఉండేలా పెట్టండి, ఈ కాలపు బల్లల్లో వాడుక అది. అంచులను పావంగుళానికి వాలుగా చిత్రిక పట్టి, వెనక నుంచి గాడిలోకి తోయండి. జిగురు పెట్టకూడదు. వెనక అంచున గాటు పెట్టి ఒక్క మర బిగిస్తే చెక్క పెరిగినా తరిగినా చోటు ఉంటుంది. ప్లైవుడ్ పెట్టారంటే మిగతా పనంతా వృథా. సొరుగు తీసి తిరగేసి చూడటం కొనేవాళ్లు మొదట చేసే పని.

   సందు ఎంత ఉంచాలి? ఫిబ్రవరి, మార్చిలో చేస్తుంటే పైన అర సూత్. వానాకాలంలో చేస్తుంటే అందులో సగం చాలు, తర్వాత ఎలాగూ కుంచించుకుంటుంది.

8. పైపలక. ఒకే పలక దొరికితే అదృష్టం, లేదంటే రెండు. వేళ్లు జొనిపినట్టు ముక్కలు అతికించిన రెడీమేడ్ టేకు పలక కొనకండి. 16 అంగుళాల పలక బెంగళూరు ఎండకూ వానకూ మధ్య ఒక సూత్ దాకా కదలగలదు. కాబట్టి జిగురు పెట్టకండి, నేరుగా మర బిగించకండి. పట్టీ లోపల గాడి కోసి, అందులో నాలిక జొనిపిన చిన్న చెక్కముక్కలను పలకకు మరలతో బిగించండి, ఆరు చాలు. మరలు చీలిక తలవే వాడండి. ప్లస్ గుర్తు తల మరలు 1930లలో గానీ బజారుకు రాలేదు.

9. అరుగుదల. గొలుసు, సుత్తి, తాళాల గుత్తి పక్కన పెట్టండి. వాడకం ఎక్కడ తగులుతుందో అక్కడే అరుగుతుంది: పైపలక ముందు అంచు, ముందు మూలలు, సొరుగు పిడి చుట్టూ, కాళ్ల పాదాల దగ్గర చీపురు, తడిగుడ్డ తగిలే చోటు. వెనక అంచు దాదాపు కొత్తదిలాగే ఉండాలి, అది గోడకు ఆని ఉంటుంది కదా. ముందు అంచును గుండ్రటి ఇనుప కడ్డీతో రుద్ది మెత్తబరచండి, గరుకు కాగితంతో కాదు.

   పురుగు తొలిచినట్టు డ్రిల్లుతో చుక్కలు పెట్టే అలవాటు ఒకటుంది. టేకు చేవను, అంటే నడిమి ముదురు చెక్కను, పొడిపురుగు తినదు, తెల్లచెక్కనే తింటుంది. ముదురు చేవ మీద వరసగా పురుగు రంధ్రాలున్న "పాత" టేకు బల్ల కనబడితే అది ఎవరో డ్రిల్లుతో చేసిన పనే.

10. ఇత్తడి పిడి. పోత పోసిన పిడి కొనండి. దాని మీది వార్నిష్‌ను థిన్నర్‌తో తీసి, మూత ఉన్న డబ్బాలో అమ్మోనియా పోసిన చిన్న గిన్నె పక్కన ఒక రాత్రి ఉంచితే మెరుపు పోయి గోధుమరంగు తిరుగుతుంది. గాలి ఆడే చోట చేయండి. పలుచని రేకు పిడులకు ఇది పనికిరాదు, అమ్మోనియాకు ఇత్తడి రేకు పగుళ్లు తీస్తుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో పగిలింది ఈ కారణంతోనే. గుర్రాల మూత్రంలోంచి వచ్చిన అమ్మోనియా ఆ పని చేసింది.

పాలిష్

పాలిష్ మేస్త్రిని పిలిస్తే మెలమైన్ గానీ పీయూ (పాలియురెథేన్) గానీ, అంటే ప్లాస్టిక్‌లా గట్టిపడే పూతలు, చేద్దామంటాడు. భోజనాల బల్లకైతే ఆయన మాటే వినండి, వేడి గిన్నెలకు లక్క నిలవదు. మన బల్లకు మాత్రం లక్కే. లక్క పాలిష్ 19వ శతాబ్దం మొదట్లో వాడుకలోకి వచ్చింది, అంతకు ముందు నూనె, మైనం. 1788 నాటికి కచ్చితంగా ఉండాలంటే లక్క మానేసి ఒట్టి మైనంతో వదిలేయొచ్చు, కానీ చెమట చేతుల మరకలు పడతాయి. పాత బల్లల్లో చాలావాటికి తర్వాత లక్క పూసే ఉన్నారు, కాబట్టి అది అబద్ధం కాదు.

ముందు రోజు 100 గ్రాముల చపడాను అర లీటరు స్పిరిట్‌లో వేసి గాజు సీసాలో ఉంచండి, మధ్య మధ్య ఊపండి, మర్నాడు గుడ్డలో వడకట్టండి. ఇనుప డబ్బాలో వేస్తే నల్లబడుతుంది. కరిగించి ఆరు నెలలు దాటిన లక్క ఆరదు, జిగటగా మిగులుతుంది. అనుమానముంటే గాజు ముక్క మీద చుక్క వేసి చూడండి, మర్నాటికి గోరు దిగకూడదు.

టేకు రంధ్రాలు పూడ్చడానికి చాలామంది సుద్దపొడి వాడతారు. రెండేళ్లకు రంధ్రాలన్నీ తెల్లటి చుక్కలుగా బయటపడతాయి. దాని బదులు మెత్తటి ఇటుకపొడిలో గోధుమరంగు పొడి, కాస్త అవిసె నూనె కలిపి, పోగుకు అడ్డంగా రుద్ది, మిగులు తుడిచేయండి. రెండు రోజులు ఆరనివ్వండి. రంగు సరిపోయిందో లేదో అదే చెక్క ముక్క మీద మొదటి పూత నుంచి మైనం దాకా అన్నీ చేసి చూశాకే బల్ల ముట్టుకోండి. నూనె తగిలిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, విప్పి ఆరేయండి.

దూదిని బనీను గుడ్డలో చుట్టి కోడిగుడ్డంత ఉండ చేయండి. లక్క దూదికి పట్టాలి, గుడ్డ పైన కారకూడదు. అరచేతి వెనక నొక్కితే చల్లగా తడి తగలాలి, చుక్క రాలకూడదు. మొదట పోగు వెంట మూడు సన్నటి పూతలు, మధ్యలో అరగంట ఎడం. ఆరాక 320 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఇక ఎనిమిది అంకె తిప్పుతున్నట్టు తిప్పండి. గుడ్డ అంటుకుంటున్నట్టు అనిపిస్తే ఒకే ఒక్క చుక్క అవిసె నూనె. చెయ్యి బల్ల మీద ఆగకూడదు, విమానం దిగినట్టు వాలి, ఎగిరినట్టు లేవాలి. ఆగిన చోట ఉండ అచ్చు పడుతుంది. పడిందా, వెంటనే దిద్దకండి, మర్నాడు ఉక్కుపీచుతో తీసి మళ్లీ పూయండి. రోజుకు ఒక వరస, అయిదారు రోజులు. చివరి రోజు కాస్త స్పిరిట్ తగిలించిన గుడ్డతో నూనె మబ్బు తీసేయండి.

బెంగళూరులో సాయంత్రం వానలు పడే నెలల్లో పాలిష్ ఉదయం పూటే చేయాలి. గాలిలో తేమ ఎక్కువుంటే లక్క పాలు కలిసినట్టు తెల్లబడుతుంది. అలా అయితే కంగారు పడొద్దు, ఎండ వచ్చిన రోజు స్పిరిట్ గుడ్డతో పైపైన తుడిస్తే చాలాసార్లు పోతుంది.

వారం తర్వాత సున్నా నాలుగు ఉక్కుపీచుతో పోగు వెంట తేలిగ్గా మెరుపు చంపి, మైనం పట్టించండి. తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి, పొయ్యి ఆర్పేశాకే టర్పెంటైన్ కలపాలి. అందులో కాస్త గోధుమరంగు పొడి కలిపితే మూలల్లో, పిడి చుట్టూ చేతిమురికి లాంటి నీడ నిలుస్తుంది.

సొరుగు లోపల, బల్ల అడుగున పాలిష్ వేయకండి. పాత బల్లల్లో అక్కడ ఒట్టి చెక్కే ఉంటుంది. మేస్త్రికి పని అప్పగిస్తే ఈ మాట రెండుసార్లు చెప్పండి, "లోపల కూడా వేశాను సార్, అదనపు డబ్బు వద్దు" అని సంతోషంగా చెప్పేవాళ్లే ఎక్కువ.

అయిపోయాక చూడాల్సినవి

చదునైన రాతిబండ మీద పెట్టి ఊపండి. ఊగితే పొడుగు కాలిని కోసేయకుండా, ఊగే కాలి కింద పలుచని ముక్కలు పెట్టి సమం చేసి, పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి ఆ గీతకు కోయండి. సాయంత్రం గదిలో దీపాలార్పి, టార్చి లైటును పైపలక మీద పక్కవాటుగా వేయండి, గరుకు కాగితపు సుడులు, ఉండ అచ్చులు అప్పుడే బయటపడతాయి. సొరుగును ఒక పక్క వేలితో తోయండి. తిరగకుండా మూసుకుంటే తోడు పట్టీలు సరిగ్గా ఉన్నట్టు. పాలిష్ మీద బొటనవేలు అర నిమిషం నొక్కి చూడండి, అచ్చు నిలిస్తే ఇంకో వారం ఆగాలి.

సొరుగు వెనక పలక మీద బల్ల చేసిన సంవత్సరం, "నకలు" అనే మాట ఉలితో చెక్కండి. రేపు అది ఎవరి చేతికి వెళ్లినా పాతదని అమ్మే వీలు ఉండకూడదు. అమెరికాలోని పిల్లలకు పంపేవాళ్లకు ఇంకో ఉపయోగం కూడా: 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పనితనపు వస్తువులు దేశం దాటించడానికి వీల్లేదు. మీ నకలు మరీ బాగా కుదిరితే కస్టమ్స్ వాళ్లు ఆపవచ్చు. అలాంటప్పుడు ఆర్కియలాజికల్ సర్వే ఇచ్చే "పురావస్తువు కాదు" అనే ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. పని జరిగేటప్పుడు దశలవారీగా ఫొటోలు తీసి ఉంచుకుంటే అక్కడ పనికొస్తాయి.

వేడి కాఫీ గ్లాసు తెల్లటి గుండ్రం వదిలితే, మైనం తగిలించిన ఉక్కుపీచుతో పోగు వెంట మెల్లగా రుద్దండి. లోతుగా ఉంటే స్పిరిట్ గుడ్డ. ఇక జులైలో సొరుగు బిగిసిందని వెంటనే చిత్రిక తీయకండి. అంచుకు కొవ్వొత్తి రుద్ది, జనవరి దాకా ఆగండి. అప్పటికీ బిగిసే ఉంటే సొరుగు పక్కల పైఅంచున, మెరుపు కనబడే చోట మాత్రం ఒకటి రెండు పొట్లు తీయండి.